బస్సు దిగిన తర్వాతి అర కిలోమీటరు

హైదరాబాద్‌లో ట్రాఫిక్ గురించి మాట మొదలైతే అది ఎటు తిరిగినా చివరికి ఫ్లైఓవర్ దగ్గరే తేలుతుంది. ఫలానా జంక్షన్‌లో కార్లు ఎంతసేపు ఆగుతున్నాయి, అండర్‌పాస్ వేస్తే ఎన్ని నిమిషాలు కలిసొస్తాయి, ఇరుపక్కలా షాపులు కొట్టేస్తే రోడ్డు ఇంకెన్ని అడుగులు పెరుగుతుంది, ఇవే లెక్కలు. అదే జంక్షన్‌లో 218 కోసం చూసి చూసి, తీరా వచ్చిన బస్సులో ఫుట్‌బోర్డు మీద కూడా చోటు లేక వదిలేసిన మనిషి పోగొట్టుకున్న నిమిషాలు ఆ లెక్కలోకి రావు. ఆ మనిషికి చివరికి ఏదో బస్సు దొరుకుతుంది, దిగాల్సిన చోట దిగుతాడు, ఫుట్‌పాత్ లేని రోడ్డు అంచున, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులను తప్పించుకుంటూ ఇంటిదాకా నడుస్తాడు. ఆ చివరి అర కిలోమీటరు ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ కనిపించదు.

బస్సుల సమస్య, ఫుట్‌పాత్ సమస్య అని రెండుగా మాట్లాడుకుంటాం గానీ నిజానికి అది ఒకటే సమస్య. బస్సెక్కే ప్రతివాళ్లూ ప్రయాణం మొదట్లో, చివర్లో నడిచి తీరాలి. ఆ నడక భయంగా ఉంటే, బస్సు ఎంత బాగున్నా, అప్పు చేసైనా ఒక బండి కొనుక్కోవాలనే అనిపిస్తుంది. బండ్లు పెరిగేకొద్దీ బస్సు ఇంకా నెమ్మదిస్తుంది, నడక ఇంకా ప్రమాదమవుతుంది, అది చూసి ఇంకొందరు బండ్లు కొంటారు. ఇరవై ఏళ్లుగా ఊరు ఇందులోనే తిరుగుతోంది. ఇందులో ఎక్కువ నష్టపోయేది బండి కొనలేనివాళ్లు, నడపలేనివాళ్లు. అంటే బోరబండ, యూసుఫ్‌గూడ బస్తీల నుంచి మాదాపూర్ ఆఫీసులకు హౌస్‌కీపింగ్ పనికి వెళ్లే ఆడవాళ్లు, అడ్డా మీద నిలబడే కూలీలు, కాలేజీ పిల్లలు, నిమ్స్‌కో ఉస్మానియాకో చూపించుకోవడానికి వచ్చే ముసలివాళ్లు. వీళ్లంతా కలిస్తే తక్కువ మందేమీ కాదు. నగరంలో ఆర్టీసీ బస్సులెక్కేవాళ్లే రోజుకు 20 లక్షలు దాటుతారు.

ముందు బస్సుల సంగతి చూద్దాం. 2019 అక్టోబర్ 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 50 రోజులకు పైగా సాగింది. అది ముగిశాక, నష్టాలు తగ్గించుకోవాలనే పేరుతో గ్రేటర్ హైదరాబాద్‌లో దాదాపు వెయ్యి బస్సులు తగ్గించారు. అంతకుముందు సుమారు 3,800 ఉండేవి, 2,800కు అటూఇటూగా మిగిలాయి. ఆ వెంటనే కోవిడ్ వచ్చి ఊరంతా ఇళ్లలో కూర్చోవడంతో ఆ కోత పెద్దగా ఎవరి కంటా పడలేదు. తీరా అందరూ మళ్లీ పనుల్లోకి వచ్చేసరికి రూట్లలో ట్రిప్పులు లేవు, రాత్రి తొమ్మిది దాటితే కొన్ని కాలనీలకు బస్సే లేదు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ పెట్టిన సేవా ప్రమాణాల్లో వెయ్యి మందికి 0.6 బస్సు, అంటే లక్ష మందికి 60 బస్సులు ఉంటే అది మంచి స్థాయి. కోటి దాటిన ఊళ్లో మూడు వేల బస్సులంటే లక్షకు 30 కూడా పడవు. ఉండాల్సిన దాంట్లో సగం. ఈ ఒక్క లెక్క పక్కన పెట్టుకుని చూస్తే మిగతా చాలా విషయాలు అర్థమవుతాయి.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. 2025 జూలై నాటికి రాష్ట్రం మొత్తమ్మీద ఈ ఉచిత ప్రయాణాలు 200 కోట్లు దాటాయి. రోజుకు రానూపోనూ చార్జీ మిగలడం ఒక్కటే కాదు ఇందులో లాభం. ఇంటి పక్కన రెండిళ్లలో తక్కువకు పనిచేసే మనిషి, అదే పనికి ఎక్కువ ఇచ్చే దూరపు ఏరియాకు వెళ్లగలుగుతుంది. పిల్లను మంచి కాలేజీలో వేయాలంటే బస్సు పాస్ ఖర్చు అడ్డం రాదు. ప్రయాణం ఖర్చు తగ్గితే మనిషి పని వెతుక్కోగల పరిధి పెరుగుతుంది, న్యాయమైన రవాణా అంటే ముందు అదే.

అయితే పథకం వచ్చిన దగ్గర్నుంచీ ఒక మాట గట్టిగా వినపడుతోంది: ఫ్రీ పెట్టడం వల్లే బస్సులు పాడయ్యాయి, మగవాళ్లకు సీటు లేదు, ఎక్కడానికి చోటు లేదు అని. రద్దీ నిజమే. ఒంటికాలి మీద వేలాడుతూ వెళ్లేవాడి కోపమూ నిజమే. కానీ కోపం పోవాల్సిన దిక్కు అది కాదు. వెయ్యి బస్సులు ముందే తీసేశారు, ఎక్కేవాళ్లు తర్వాత పెరిగారు. అంతవరకు చార్జీకి వెనకాడి నడిచిపోయిన, అసలు బయల్దేరకుండా ఇంట్లోనే ఉండిపోయిన మనుషులు ఇప్పుడు బస్సెక్కుతున్నారు, అంతే. కొరత ఎప్పటినుంచో ఉంది, పథకం దాన్ని అందరికీ కనపడేలా చేసింది. ఇక ఫ్రీ టికెట్ లేని మగ కూలీకి భారం పెరిగిందన్నది మాత్రం పట్టించుకోవాల్సిన విషయం. 2025 అక్టోబర్‌లో నగరంలో బస్సు చార్జీలు స్టేజీని బట్టి 5 నుంచి 10 రూపాయలు పెంచారు. అడ్డా మీద పని దొరుకుతుందో లేదో తెలియకుండా పొద్దున్నే బయల్దేరేవాడికి రోజుకు ఇరవై రూపాయలు చిన్న మొత్తం కాదు. ఆదాయాన్ని బట్టి రాయితీ పాసు ఇవ్వడం కష్టమేమీ కాదు, విద్యార్థులకు దశాబ్దాలుగా ఇస్తూనే ఉన్నారు కదా.

మెట్రో వచ్చింది కదా అంటారు. 2017 నవంబర్‌లో నాగోల్–మియాపూర్ మధ్య మొదలైంది, 2020 ఫిబ్రవరికి మూడు లైన్లూ కలిపి 69 కిలోమీటర్లు అయింది. మంచి మెట్రోనే, శుభ్రంగా ఉంటుంది, టైముకు వస్తుంది, ఆడవాళ్లు రాత్రిపూట ధైర్యంగా ఎక్కుతారు. కానీ రోజుకు ఎక్కేది ఐదు లక్షల మంది లోపే, అంటే బస్సులెక్కే జనంలో నాలుగో వంతుకు మించదు. 2025 మేలో చార్జీలు పెంచి, విమర్శలొచ్చాక కాస్త తగ్గించారు. అయినా 60 ఉన్న గరిష్ట చార్జీ 69 దగ్గర నిలిచింది. ఇల్లు, ఆఫీసు రెండూ స్టేషన్‌కు దూరమైతే రెండు కొసల్లో ఆటో ఖర్చు కలిపి, నెలాఖరుకు బైక్ పెట్రోలే చవక అనిపిస్తుంది. ఇంకో పెద్ద లోటు పాతబస్తీ. మొదటి దశ ప్లాన్‌లోనే ఫలక్‌నుమా దాకా ఉన్న లైన్ ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దగ్గర ఆగిపోయింది. ఊళ్లో అందరికంటే కిక్కిరిసి బతికే, బస్సుల మీద, షేర్ ఆటోల మీద ఎక్కువగా ఆధారపడే ప్రాంతానికి రైలు చేరలేదు. ఇప్పుడు రెండో దశలో చాంద్రాయణగుట్ట దాకా తీసుకెళ్తామంటున్నారు. ఈ మధ్యలో 2003 నుంచి నడుస్తున్న లోకల్ రైలు ఎంఎంటీఎస్‌ను తక్కువ చార్జీకి ఎక్కువ దూరం తీసుకెళ్లే సాధనంగా పెంచి ఉంటే లింగంపల్లి, ఫలక్‌నుమా వైపు ఎంత ఉపయోగపడేదో. స్టేషన్లు ఉన్నాయి, పట్టాలు ఉన్నాయి, సరిపడా రైళ్లే లేవు. స్టేషన్ బయటికొస్తే బస్సు కూడా లేదు.

ఇక నడక. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని సమస్యగా కూడా ఎవరూ లెక్కపెట్టడం లేదు.

రోడ్లకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల సౌకర్యాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. నడవడానికి అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. అంటే ఇద్దరు పక్కపక్కన నడవగలగాలి, చక్రాల కుర్చీ వెళ్లగలగాలి, మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎక్కి దిగగలగాలి. దిల్‌సుఖ్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో ఈ కొలతతో నడిచి చూడండి. ఫుట్‌పాత్ ఉంటే మోకాలెత్తు ఉంటుంది, ప్రతి ఇంటి గేటు దగ్గరా ర్యాంపు కోసం తెగిపోతుంది, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, దాటితే షోరూమ్ ముందు వరుసగా బైకులు. ఎక్కి దిగీ ఎక్కి దిగీ విసిగి మనిషి రోడ్డు మీదికే దిగిపోతాడు. అది చూసి “మన జనానికి ఫుట్‌పాత్ వాడే అలవాటు లేదు” అనేస్తారు.

రోడ్డు దాటడం ఇంకా కష్టం. నగరంలో చాలా జంక్షన్లలో సిగ్నళ్లు తీసేసి, కొంచెం ముందుకెళ్లి యూటర్న్ తీసుకునే పద్ధతి పెట్టారు. వాహనాలు ఆగకుండా కదలాలన్నది ఉద్దేశం. సిగ్నల్ ఉన్నప్పుడు రెడ్ పడితే నడిచేవాళ్లకు కొన్ని సెకన్లు దొరికేవి, ఇప్పుడు అవీ లేవు. దానికి తోడు ఫ్రీ లెఫ్ట్, డివైడర్ మీద గ్రిల్స్. ఎదురుగా కనపడే బస్‌స్టాప్‌కు వెళ్లాలంటే పావు కిలోమీటరు చుట్టు తిరగాలి, లేదా చెయ్యెత్తి ఆపుతూ, వచ్చే బండ్ల మధ్యలోంచి దూరాలి. పిల్లల చెయ్యి పట్టుకుని ఆ పని చేసే తల్లులు రోజూ వేలల్లో ఉంటారు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, వాళ్లలో 32,825 మంది నడుస్తున్నవాళ్లు. ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు.

దీనికి జవాబుగా మనకు కనపడేవి ఫుట్ ఓవర్ బ్రిడ్జిలు, స్కైవాక్‌లు. ఉప్పల్ రింగ్ దగ్గర 2023లో తెరిచిన స్కైవాక్ లాంటిది అక్కడికి సరిపోయింది, ఎందుకంటే నాలుగు దిక్కులా అంత వెడల్పు రోడ్లు, పక్కనే మెట్రో స్టేషన్. కానీ ప్రతిచోటా ఇదే మందు అనుకోవడం తప్పు. లిఫ్ట్ పనిచేయని రోజు సంచులు మోసే మనిషి, గర్భిణి, ముసలాయన నలభై యాభై మెట్లెక్కాలి, కారులో కూర్చున్నవాళ్లు కాలు కదపకుండా వెళ్లాలి, ఇది న్యాయం కాదు. నడిచేవాళ్లను నేల మీదే దాటనివ్వాలి, వాహనమే ముప్పై సెకన్లు ఆగాలి. మీట నొక్కితే రెడ్ పడే పెలికాన్ సిగ్నళ్లు నగరంలో కొన్ని చోట్ల పెట్టారు, అలాంటివి ప్రతి బస్‌స్టాప్ జత దగ్గరా రావాలి. 2025 మేలో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది: అడ్డంకుల్లేని, వికలాంగులు కూడా వాడుకోగల ఫుట్‌పాత్ పాదచారుల హక్కు, అది ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగం. కాబట్టి ఇది ఎవరి దయ మీదో ఆధారపడే విషయం కాదు.

ఫుట్‌పాత్ అనగానే తోపుడు బండ్లను ఖాళీ చేయించడమే మొదటి పనిగా పెట్టుకుంటారు. అది అన్యాయం, పైగా తెలివైన పని కూడా కాదు. మిర్చిబజ్జీ బండి, పూలమ్మే ఆమె, చెప్పులు కుట్టే అతను ఉన్న వీధిలో రాత్రి పదింటికి కూడా ఆడపిల్ల ధైర్యంగా నడుస్తుంది. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలని, వాళ్లకు చోటు చూపించకుండా తరమకూడదని అందులో ఉంది. నడకకు 1.8 మీటర్లు వదిలి, ఆ పక్కన బండ్లకు గీత గీస్తే ఇద్దరికీ చోటుంటుంది. ఆ చోటు పార్కింగ్‌లోంచి తీయాలి. ఒక కారు పొద్దంతా ఊరికే ఆగి ఉండే జాగాలో నాలుగు కుటుంబాలకు తిండి పెట్టే బండ్లు నిలబడతాయి.

ఆరోగ్యం సంగతి చెప్పాల్సిన పనే లేదనుకుంటాం గానీ చెప్పాలి. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఇంటి నుంచి స్టాప్‌కు, స్టాప్ నుంచి ఆఫీసుకు రానూపోనూ కలిపి రోజుకు అరగంట నడిస్తే ఐదు రోజుల్లో అది పూర్తయిపోతుంది, జిమ్ ఫీజు లేదు, పొద్దున్నే లేచే టెన్షన్ లేదు. షుగర్, బీపీ ఇంటింటికీ ఉన్న ఊళ్లో ఇంత చవకైన మందు ఇంకోటి లేదు. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, డాక్టర్ నడవమంటే జనం కారులో కేబీఆర్ పార్కుకు వెళ్లి నడుస్తున్నారు, ఎందుకంటే ఇంటి ముందు నడిచే వీలు లేదు. కారు లేనివాళ్లకు ఆ పార్కూ దూరమే. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, పైన సోలార్ కప్పుతో, తెరిచారు. చూడముచ్చటగా ఉంటుంది. ఆదివారం సరదాగా తొక్కేవాళ్లకు అది బాగుంటుంది గానీ, బాలానగర్‌లో డ్యూటీకి సైకిల్ మీద వెళ్లే వాచ్‌మన్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు. గాలి విషయమూ అంతే. పీఎం 2.5 అనే సన్నటి ధూళికి మన దేశం పెట్టుకున్న వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5. ఆ పొగను దగ్గర్నుంచి పీల్చేది అద్దాలు ఎత్తుకుని ఏసీ వేసుకున్నవాళ్లు కాదు, ఏప్రిల్ ఎండలో షెల్టర్ లేని స్టాప్‌లో నిలబడినవాళ్లు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదట పోయేది ఆ స్టాప్ దగ్గరి చెట్టే.

ఊరు ఎలా కడుతున్నామన్నది కూడా ఇందులో భాగమే. చిక్కడపల్లి, బర్కత్‌పుర, సీతాఫల్‌మండి, పాతబస్తీ గల్లీలు తీసుకోండి. కిరాణా, టిఫిన్ సెంటర్, బడి, డాక్టర్, గుడి, మసీదు అన్నీ పది నిమిషాల నడకలో ఉంటాయి, ఒక గల్లీలోంచి ఇంకో గల్లీకి దారి ఉంటుంది. అదే కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు వెళ్తే గేటెడ్ కమ్యూనిటీల ప్రహరీ గోడలు. లోపల చక్కటి వాకింగ్ ట్రాక్ ఉంటుంది, బయట ఫుట్‌పాత్ ఉండదు. ఎదురుగా కనపడే మెడికల్ షాపుకు వెళ్లాలన్నా గోడ చుట్టూ తిరగాలి. లోపల పనిచేసే ఆమె మెయిన్ రోడ్డు మీద దిగి టిప్పర్ల పక్కనుంచి నడిచి రావాలి. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే గోడల మధ్యలోంచి పబ్లిక్ నడక దారి వదలాలని, గేటు దగ్గర బస్సు తిరిగే చోటు ఉండాలని షరతు పెడితే బిల్డర్‌కు పోయేది కొద్ది గజాలే.

పేదవాళ్ల ఇళ్ల విషయంలో ఇంకా బాధ. 2023లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లు ప్రారంభించారు. సొంతిల్లు రావడం చాలా పెద్ద విషయం, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ నగరం నడిమధ్య బస్తీలో ఉంటూ నాలుగిళ్లలో పనిచేసుకునే మనిషికి ఔటర్ దగ్గర ఇల్లిస్తే, ఆ ఇంటితో పాటు పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదకొండు దాకా తిరిగే బస్సు కూడా ఇవ్వాలి. లేకపోతే ఇల్లు దొరికి పని పోతుంది. అద్దె మిగిలిందనుకుంటే అది ప్రయాణానికే సరిపోతుంది.

మరి ఎందుకు జరగడం లేదు? డబ్బు లేక అనడం సగం నిజం. ఫ్లైఓవర్లకు వందల కోట్లు దొరుకుతూనే ఉన్నాయి. అసలు చిక్కు ఎవరిది ఏ పని అన్నదాంట్లో ఉంది. ఫుట్‌పాత్ మున్సిపల్ కార్పొరేషన్‌ది, సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది, ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు వాళ్లది, బస్సు ఆర్టీసీది, ఔటర్ హెచ్ఎండీఏది, మెట్రో ఇంకొకరిది. వీళ్లందరినీ కలిపి కూర్చోబెట్టడానికి 2008లోనే ఉమ్తా అనే ఉమ్మడి రవాణా సంస్థ పెట్టారు, కానీ అది ఎన్నడూ బలం పుంజుకోలేదు. బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్ మూడింటికీ ఒకే టికెట్ అన్న మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం. నగరంలో ఆర్టీసీకి వచ్చే నష్టాన్ని జీహెచ్ఎంసీ భరించాలని ఒకప్పుడు అనుకున్నారు, కొంత ఇచ్చి ఆపేశారు, 2019 సమ్మె సమయంలో హైకోర్టులో కూడా ఆ లెక్క చర్చకొచ్చింది. ఆ ఆలోచన మాత్రం సరైనదే. రోడ్డు వేస్తే ఎంత లాభం వచ్చిందని ఎవరూ అడగరు, బస్సు నడిపితే మాత్రం నష్టం అంటారు. రెండూ ప్రజాసేవలే కదా.

రోడ్డు మీద చోటు పంచడం మొదలుపెడితే ఖర్చు పెద్దగా ఉండదు. కారులో సగటున ఇద్దరు కూడా ఉండరు, మూడు కార్లు పట్టే చోటులో ఒక బస్సు 50, 60 మందిని మోస్తుంది. మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి వైపు లాంటి వెడల్పు రోడ్ల మీద పొద్దున, సాయంత్రం రద్దీ గంటల్లో ఎడమ లేన్ బస్సులకే వదిలితే, అవే బస్సులు అదే డ్రైవర్లతో రోజుకు ఎక్కువ ట్రిప్పులు తిరుగుతాయి. ఢిల్లీలో పెట్టారు, పోయింది కదా అంటారు. అక్కడ 2008లో 5.8 కిలోమీటర్లు వేశారు, కార్లవాళ్లు గొడవ చేశారు, 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ లేన్ తీసేయమన్న పిటిషన్‌ను కొట్టేసింది, అయినా 2016లో ప్రభుత్వమే తీసేసింది. కోర్టులో నెగ్గినదే రాజకీయంగా నిలవలేదు. అందుకే ఇక్కడ మొదలుపెట్టేటప్పుడు బస్సెక్కే 20 లక్షల మంది గొంతు కూడా కార్లవాళ్లకు దీటుగా వినపడాలి. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే రోడ్డు మీద చోటు వాహనాలను కాదు, మనుషులను చూసి పంచాలంది. చెన్నై కార్పొరేషన్ 2014లో రవాణా బడ్జెట్‌లో 60 శాతం నడకకు, సైకిళ్లకు పెట్టాలని విధానం చేసుకుంది, పాండీ బజార్‌లో 2019లో వెడల్పాటి నడక దారి వచ్చింది. మన దగ్గర చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి రాళ్లు పరిచిన చోట ఇప్పుడు పిల్లలు పరిగెత్తుతున్నారు. అది చేయగలిగిన ఊరు కోఠిలో, జనరల్ బజార్‌లో చేయలేదా?

ఇప్పుడు ముందున్న పెద్ద అవకాశం ఎలక్ట్రిక్ బస్సులు. కేంద్రం తెచ్చిన పీఎం ఇ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 కేటాయించారు. పొగ తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది, మంచిదే. అయితే కొత్త ఎలక్ట్రిక్ బస్సు ఒకటి వచ్చిన రోజే పాత డీజిల్ బస్సు ఒకటి జిల్లాలకు పోతే, స్టాప్‌లో నిలబడినవాళ్లకు బస్సు రంగు తప్ప ఏమీ మారదు. లక్షకు 30 దగ్గరే ఉంటాం. కాబట్టి ఎన్ని కొన్నారన్నది కాదు, నగరంలో మొత్తం ఎన్ని తిరుగుతున్నాయి, ఏ రూట్‌లో ఎన్ని నిమిషాలకు ఒకటి వస్తోంది, చివరి బస్సు ఎన్నింటికి అన్నది డిపోల వారీగా ప్రతి నెలా బయటపెట్టమని అడగాలి. కార్పొరేటర్‌ను, ఎమ్మెల్యేను సీసీ రోడ్డు కోసం అడిగినంత గట్టిగా అడగాలి. డిపోలు, చార్జింగ్ పాయింట్లు నగరం లోపలే ఉండేలా చూడాలి, లేకపోతే ఖాళీగా తిరిగే కిలోమీటర్లతోనే బ్యాటరీ సగం అయిపోతుంది. పంచుకునేటప్పుడు మొదటి వంద బస్సులు ఐటీ కారిడార్‌కే పంపకుండా కొల్లూరుకు, చాంద్రాయణగుట్టకు, జగద్గిరిగుట్టకు వేయాలి, వాటితో పాటే ఆ రూట్లలో ప్రతి స్టాప్‌కు నీడ, ఒక సిగ్నల్, రెండు వైపులా 1.8 మీటర్ల నడక దారి అదే టెండర్‌లో కలపాలి.